బిస్కెట్ల డబ్బా వైద్యుడు

కాకినాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో, తనకు తెలియనిది లోకంలో లేదనుకునే ఫణీంద్ర అనే విద్యార్థి ఉండేవాడు. చదివేది సివిల్ ఇంజనీరింగ్, చేసేది వైద్యం. ఎవరికైనా జ్వరం తగ్గి మాత్రలు మిగిలితే వాటిని అడిగి తెచ్చి ఒక బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు. మందుల షాపులో షీటు కత్తిరించి రెండేసి మాత్రలు అమ్మేవారు కాబట్టి చాలా ముక్కల మీద మందు పేరే ఉండేది కాదు. ఫణీంద్రకు అది లోటుగా తోచలేదు. తెల్లవి జ్వరానికి, పసుపువి కడుపునొప్పికి అని రంగును బట్టి ఇచ్చేసేవాడు. వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడని సామెత. మనవాడు ఆ శ్రమ కూడా లేకుండానే వైద్యుడైపోయాడు.

కాలేజీలో డిస్పెన్సరీ లేకపోలేదు. అక్కడ డాక్టరు వసుంధర గారు ఉచితంగానే చూసేవారు. కానీ మందులు గేటు పక్క షాపులో సొంత డబ్బుతో కొనుక్కోవాలి. పైగా ఆవిడ "ఏం తిన్నావు? ఇంతకుముందు ఏ మందులు వాడావు?" అని పోలీసులా ఆరా తీసేవారు. నెలాఖరులో జేబు ఖాళీ అయిన పిల్లలకు ఫణీంద్ర డబ్బాయే దిక్కు. అక్కడ ప్రశ్నలుండవు, ఫీజు ఒక్క సమోసా.

ఒక మధ్యాహ్నం పక్కగది జోయెల్‌కు గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి.

"ఒరేయ్ ఫణీ, ఓ మాత్ర ఇవ్వరా. ఇంటి నుంచి ఇంకా డబ్బులు రాలేదు" అన్నాడు.

ఫణీంద్ర డబ్బా గిలకొట్టి ఒక తెల్ల మాత్ర తీశాడు.

"దీని పేరేంట్రా? నాకు ఏదో మందు పడదు. చిన్నప్పుడు వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లొచ్చాయట" అన్నాడు జోయెల్.

"మా మావయ్యకీ నాకూ కూడా పడదు. అయినా వాళ్లింటికెళ్లి భోంచేసి రావట్లేదా? మింగెయ్!" అన్నాడు ఫణీంద్ర.

గదిలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. జోయెల్ కూడా నవ్వుతూనే మింగేశాడు.

కాసేపటికి అతని పెదవులు వాచాయి. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. "ఫణీ... ఊపిరాడట్లేదురా" అంటూ చొక్కా గుండీలు తెంపుకున్నాడు. మిగతావాళ్లు జోయెల్‌ను మోసుకుని డిస్పెన్సరీకి పరుగెత్తారు, వాళ్ల వెనకే ఫణీంద్ర.

వసుంధర గారు గబగబా ఇంజెక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, "ఏం మాత్ర వేసుకున్నాడు?" అని అడిగారు.

"తెల్లది, మేడమ్" అన్నాడు ఫణీంద్ర.

"తెల్లవి వెయ్యి రకాలుంటాయి! పేరు చెప్పు!"

జోయెల్ కళ్లు తేలేస్తున్నాడు. ఫణీంద్రకు చచ్చేంత భయం వేసింది. ఇన్నాళ్లూ తాను ఎవరెవరికి ఏం మింగించాడో తనకే తెలియదని అప్పుడు అర్థమైంది.

"వాళ్లింటికి ఫోన్ చేసి ఏ మందు పడదో కనుక్కో, త్వరగా!" అని కేకేశారు డాక్టరు.

ఫణీంద్ర వెంటనే ఫోన్ చేశాడు. జోయెల్ తల్లి ఎత్తింది.

"పెన్సిలిన్ బాబూ! ఆ జాతి మందు ఏదీ పడదు వాడికి. అయ్యో ప్రభువా! ఎవరిచ్చారు బాబూ, నా బిడ్డకి?"

"నేనేనండీ" అన్నాడు ఫణీంద్ర. అవతల నుంచి ఏడుపు వినిపించింది. ఫణీంద్ర పరుగున వెళ్లి పెన్సిలిన్ సంగతి డాక్టరుకు చెప్పాడు.

సాయంత్రానికి జోయెల్ గండం గడిచింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పారు. ఫణీంద్ర మంచం పక్కనే నిలబడి, ఆ ఛాతీ లేచి పడుతుంటే చూస్తూ చాలాసేపు ఏడ్చాడు.

నీతి: పేరు తెలియని మందు ఊరికే వచ్చినా సరే నోట వేసుకోకూడదు, తెలియనిది తెలిసినట్టు నటించేవాడి సాయం ప్రాణం మీదికి తెస్తుంది.