పడవ చందుడి కడుపుకి మనిషిని ఎంచడం

సిరినాగుడికి మూడు రోజులుగా ఒకటే బెంగ. పడవ చందుడు పోయేలోగా మనిషిని ఎంచాలి.

వెనకటి కాలం మాట. కృష్ణ ఒడ్డున కొండ మీద బౌద్ధ భిక్షువుల మఠం ఉండేది. అక్కడ పెద్దాయన బోధికుడు, వైద్యంలో చెయ్యి తిరిగినవాడు. సిరినాగుడు ఆయన దగ్గర పదకొండేళ్ళుగా మూలికలు నూరుతున్నాడు.

రేవులో పడవ నడిపే చందుడి కాలికి పుండు పడితే సంతలో వైద్యుడొకడు ఘాటు మాత్రలిచ్చి నలభై రోజులు మింగించాడు. పుండు మానింది, కడుపు పోయింది. రోజుకి పదిహేను సార్లు నీళ్ళ విరేచనాలు. గంజి పోసినా మజ్జిగ పోసినా పోసింది పోసినట్టే బయటికి. రెండు నెలలకి మనిషి వెదురుబద్ద అయ్యాడు. అప్పుడు పెళ్ళాం హంఘి నలుగుర్ని పట్టుకుని, మంచంతో సహా కొండెక్కించింది.

బోధికుడు చందుడి కడుపు నొక్కి చూశాడు.

"ఆ మాత్రలు వీడి కడుపులో చెడ్డతో పాటు మంచినీ ఊడ్చేశాయి. ఇంకొకరి కడుపులో మంచి తెచ్చి వీడికి పెట్టాలి."

"అంటే?" అంది హంఘి.

"ఆరోగ్యంగా ఉన్న మనిషి దొడ్డికెళ్ళింది తెచ్చి, నీళ్ళలో కలిపి, బట్టలో వడగట్టి, వెనకనించి గొట్టంతో ఎక్కించాలి."

హంఘి మంచం వైపు తిరిగి మొగుణ్ణి చూసింది. తర్వాత అడిగింది. "బతుకుతాడా?"

"ఇచ్చేవాడి కడుపు బాగుంటే బతకొచ్చు. వాడికి రోగముంటే అదీ వీడికి ఎక్కుద్ది. కడుపు ఊడ్చే మందు ఈమధ్య మింగినోడైతే వాడిది పెట్టినా ఒకటే, మానినా ఒకటే. ఇంకోసారి చేద్దామంటే ఈ ఒంట్లో అంత ఓపిక లేదు."

ఎంచే పని సిరినాగుడికి పడింది. మూడు రోజులు తిరిగి, నాలుగో పొద్దున వచ్చి నిలబడ్డాడు.

"మన ముసలి భిక్షువు మహానాగ స్థవిరులు ఉన్నారయ్యా. ఆయనంత నిష్ఠ ఎవరికీ లేదు."

"ఆయన రోజు విడిచి రోజు పస్తు. ఆయన దొడ్డికెళ్ళేదే వారానికోసారి. ఇంకెవరు?"

"రేవులో మూటలు మోసే బలికుడు. ఏనుగులా ఉంటాడు."

"పోయినేడు కామెర్లొచ్చి ఇక్కడే పడుకున్నాడు. కండలు చూశావు, అడగలా."

సిరినాగుడు గొంతు సర్దుకున్నాడు. అసలు ఈ మాట చెప్పడానికే వచ్చాడు.

"అయితే నాదే తీసుకోండయ్యా. పదకొండేళ్ళలో ఒక్క నియమం తప్పలేదు. పొద్దు నడినెత్తి దాటాక మెతుకు ముట్టలేదు. నాకంటే శుద్ధమైన ఒళ్ళు ఈ కొండ మీద..."

మిగతాది మింగాడు గానీ వసారాలో ఉన్నవాళ్ళందరికీ వినపడ్డట్టే ఉంది.

బోధికుడు లోపలికెళ్ళి కొత్త ముంత ఒకటి తెచ్చి సిరినాగుడి చేతిలో పెట్టాడు. చందుడి మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు.

"అమ్మా, ఈయన ఇస్తానంటున్నాడు. ఏం అడగాలో నీకు చెప్పాగా. నువ్వే అడుగు."

ఆయన పోయి అరుగు మీద కూర్చున్నాడు.

"రోజుకి ఎన్నిసార్లు వెళ్తావు సామీ?" అంది హంఘి.

సిరినాగుడి చెవులు ఎర్రబడ్డాయి. "ఒకసారి."

"గట్టిగానా, జారుడా?"

"...గట్టిగానే."

"పెట్టి పుట్టాడు" అన్నాడు చందుడు మంచంలోంచి.

"నువ్వు నోర్ముయ్. కామెర్లు? రక్త విరేచనాలు?"

"లేవు."

"ఈ మూణ్ణెల్లలో మందేమన్నా మింగావా?"

లేదనే అనబోయాడు సిరినాగుడు. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

రెండు నెలల కిందట అతని చంకలో గడ్డ లేచింది. మందు నూరేవాడికే గడ్డా అని నవ్వుతారని ఎవరికీ చూపలేదు. భిక్షకి వెళ్ళినప్పుడు సంత వైద్యుడి దగ్గర మాత్రలు తెచ్చుకుని ఎనిమిది రోజులు మింగాడు. గడ్డ పోయింది. బయటి మందు మింగితే పున్నమినాడు అందరి ముందూ ఒప్పుకోవాలని మఠం నియమం. రెండు పున్నములు అయిపోయాయి. రెండుసార్లూ తలెత్తుకునే కూర్చున్నాడు. ఇప్పుడు ఒళ్ళు బాగానే ఉంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?

హంఘి అతని మొహం చూడట్లేదు. మొగుడి కింద తడిసిన బట్ట లాగి పొడిది వేస్తోంది. చందుడి తొడ సిరినాగుడి మణికట్టంత ఉంది.

సిరినాగుడు ముంతని నేల మీద బోర్లించాడు.

"నాది పనికిరాదమ్మా. సంత వైద్యుడి మాత్రలు నేనూ మింగాను. ఎనిమిది రోజులు. మీ ఆయన మింగినవే."

హంఘి చెయ్యి ఆగింది. "ఇందాక ఒక్క నియమం తప్పలేదన్నావు?"

"అబద్ధమాడాను."

"ఇంకాస్తైతే నా మొగుణ్ణి చంపేవాడివి."

"అవును."

వసారాలో భిక్షువులు పని ఆపి చూస్తున్నారు. సిరినాగుడు అక్కణ్ణించి కదల్లేదు. పెద్దాయన తిడతాడనీ, శిక్ష చెబుతాడనీ తల వంచుకుని నిలబడ్డాడు.

బోధికుడు అరుగు దిగొచ్చాడు. బోర్లించిన ముంత తీసి, అంచుకంటిన దుమ్ము పైబట్టతో తుడిచి, మళ్ళీ సిరినాగుడి చేతిలోనే పెట్టాడు.

"పద. ఇప్పుడు పోయి మనిషిని ఎంచు."