ఫాదర్ బాలశౌరి కళ్ళు

లూర్దుమేరి సోమవారం లోపు ఒక మాట చెప్పాలి. అవుననో, కాదనో.

ఆమె హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేసేది. చూపు పోయినవాళ్ళ కంట్లో కొత్త కణాలు మొలిపించాలని అక్కడివాళ్ళ ప్రయత్నం. దానికి ఏ కణంగానైనా మారగల మూలకణాలు కావాలి. పిల్లలు లేని దంపతుల కోసం ఆస్పత్రిలో తయారుచేసి, అవసరం తీరాక అతి చలిలో దాచి ఉంచిన పిండాలు కొన్ని ఉన్నాయనీ, వాటిని పరిశోధనకి ఇవ్వడానికి ఆ దంపతులు ఒప్పుకున్నారనీ, ఆ పని నువ్వే చూడాలనీ డైరెక్టరు ఆమెతో అన్నాడు. కణాలు తీశాక పిండం మిగలదు. ఆ సంగతి ఆయన దాచలేదు. "మనం తీసుకోకపోతే ఎలాగూ పారేస్తారు" అని మాత్రం అన్నాడు.

ఆ మాట ఆమెకి నచ్చింది. నచ్చినందుకే నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున్నే బస్సెక్కి, కృష్ణ ఒడ్డున మిరపచేల మధ్య ఉన్న ఆశ్రమానికి వెళ్ళింది. అక్కడ ఫాదర్ బాలశౌరి ఉంటారు. ఆమె కాన్వెంటు హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఆయన జ్ఞానోపదేశం చెప్పడానికి వచ్చేవారు. మిగతా పిల్లలు తలలూపే చోట లూర్దు అడ్డుప్రశ్న వేసేది. సిస్టర్లు కసురుకుంటే ఆయన వారించి, దాని ప్రశ్న దాన్ని అడగనివ్వండి అనేవారు. అప్పటినుంచీ ఆయనే ఆమెకి గురువు. ఏటా ఈస్టరుకి ముందు వచ్చే తపస్సుకాలంలో ఆశ్రమానికి వచ్చి, కొన్నాళ్ళు మౌనంగా ఉండి వెళ్ళేది.

ఆయన చూపు తగ్గిపోతూ వస్తోంది. ఎదుటి మనిషిని చూడబోతే మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ ఒకటి నిలబడుతుంది. చుట్టూ అంచులు మాత్రం కనిపిస్తాయి. పుస్తకం చదవడం ఎప్పుడో మానేశారు. పూజ అంతా కంఠతా చెబుతారు. లూర్దు కంటి పరిశోధనలో అడుగుపెట్టిందే ఆయన కోసం. ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఆయనతో అసలే అనలేదు.

ఆ రోజూ మొదట అనలేదు.

ఫాదర్ గారు వసారాలో కూర్చుని పచ్చి కందికాయలు ఒలుస్తున్నారు. ఆమె పక్కన కూర్చుని, తానూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని, పిండాల సంగతంతా చెప్పుకొచ్చింది. ఆ పిండాలు సూదిమొన కంటే చిన్నవి. నాలుగైదు రోజుల వయసు. నరం లేదు, నొప్పి తెలీదు, మొహం లేదు, పేరు లేదు. ఇటుపక్క చూస్తే చూపులేక గోడలు తడుముకునే మనుషులు వేలమంది. దేవుడిచ్చిన తెలివిని వాడకపోవడం కూడా పాపమేగా అని అడిగింది. తన వాదనలో ఎక్కడా సందు లేకుండా చూసుకుంది.

"పిండాన్ని మనిషిగానే చూడాలంటుంది తిరుసభ, నాకు తెలుసు ఫాదర్. మీరేమంటారో వినడానికి వచ్చాను."

ఆయన ఒలిచిన గింజల్ని చేత్తో తడిమి చూసుకున్నారు. ఏదో అనబోయేలోగా గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది.

వచ్చినామె పేరు సలోమి. అవతల లంకలో చేపలు పట్టుకునేవాళ్ళు. మొగుడు ఏసోబు బండి దగ్గరే నిలబడిపోయాడు. ఆమె చేతిలో పాత చీరముక్కతో కట్టిన చిన్న మూట ఉంది. మూడు నెలలు నిండాయో లేదో, కడుపు పోయింది. జ్ఞానస్నానం కానిదానికి సమాధుల దొడ్లో చోటుండదని వాళ్ళ ఊరి ఉపదేశి చెప్పాడట. ఏట్లో వదిలేద్దామన్నాడు మొగుడు. ఒడ్డు దాకా వెళ్ళి, ఆమె వదల్లేకపోయింది. గట్టిగా ఏడవను కూడా లేదు. గోడవారగా ఎక్కడన్నా ఇంత చోటిస్తే చాలు సామీ అని, ఇచ్చినా ఇవ్వకపోయినా ఏమీ అనుకోనన్నట్టు నిలబడింది.

ఫాదర్ గారు ఒళ్ళోని కందితొక్కలు దులుపుకుని లేచారు.

గుడి వెనక సమాధులున్నాయి. ఆయన పలుగు తీసుకుని, గోడ పట్టుకుని ముందు నడిచారు. సలోమి నాలుగడుగులకోసారి ఆగిపోతోంది. ఆ మూట నువ్వు పట్టుకోమ్మా అని లూర్దుకి చెప్పారు. లూర్దు చేతులు చాచింది.

ఆయన తవ్వడం మొదలుపెట్టారు. రెండు పోట్లు నేలకి తగిలితే ఒకటి రాతికి తగులుతోంది. అది చూడలేక ఏసోబు వచ్చి పలుగు అందుకున్నాడు. ఫాదర్ గారు చెమట తుడుచుకుని, లూర్దు వైపు తిరిగారు.

"దాన్ని ఆ పక్కన కింద పెట్టి, గుడిలోంచి తీర్థం పట్రా అమ్మా."

లూర్దు వంగింది. అక్కడ చీమలు బారు కట్టి పోతున్నాయి. నాలుగడుగులు పక్కకి జరిగింది. అక్కడ పల్లేరుకాయలు. గోడ మీద పెడదామనుకుంది. రాయి ఎండకి కాలిపోతోంది. తన చున్నీ తీసి పరిచింది. పరిచి కూడా పెట్టలేకపోయింది. బరువే తెలియనంత మూట అది. పరిశోధనశాలలో అంతకంటే బరువైన గాజుపళ్ళాలను రోజూ తీస్తూ పెడుతూ ఉండే చేతులు అవి.

చివరికి మూటని రొమ్ముకి అదుముకునే గుడిలోకి వెళ్ళింది. ఒక చేత్తో తీర్థం చెంబు పట్టుకుని, రెండో చెయ్యి మూట చుట్టూ వేసుకుని తిరిగొచ్చింది. ఫాదర్ గారు చెంబు అందుకున్నారు.

"ఏం పేరనుకున్నావమ్మా?" అని సలోమిని అడిగారు.

ఆమె మొగుడి వైపు చూసింది. అతను పలుగు మీద చేతులాన్చి తల దించుకున్నాడు.

"ఆడపిల్లయితే కరుణ అనుకున్నా సామీ. ఆడో మగో తెలీలా."

"దేవుడికి తెలుసులే. కరుణ అనే పిలుద్దాం."

పెద్ద మనిషి పోతే చెప్పే ప్రార్థనలన్నీ చెప్పారాయన. ఒక్కటీ తగ్గించలేదు. ఆ పేరు గాల్లోకి వచ్చిన ప్రతిసారీ సలోమి ఉలిక్కిపడింది. మన్ను వేసేటప్పుడు ఒక్కసారిగా ఏడ్చింది. ఏసోబు భుజం మీద తల వాల్చి, ఒడ్డున ఏడవాల్సిందంతా అక్కడ ఏడ్చింది. ఆ తర్వాత ముంత నిండా మంచినీళ్ళు తాగింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి, ఆశ్రమంలో పెట్టిన అన్నం మొగుడూ పెళ్ళాం కూర్చుని తిన్నారు. కుక్కలు తవ్వకుండా ఏసోబు పెద్ద పెద్ద రాళ్ళు ఏరుకొచ్చి పేర్చాడు. వెళ్ళేటప్పుడు సలోమి మొహం అలసిపోయి ఉంది గానీ, వచ్చినప్పటి బిగింపు లేదు.

వాళ్ళు వెళ్ళాక లూర్దు నేలమీద పరిచిన చున్నీ తీసి దులుపుకుంది. తర్వాత మెల్లగా అంది.

"ఇది మూడో నెల ఫాదర్. నేను చెప్పినవి నాలుగైదు రోజులవి. రెండూ ఒకటి కావు."

"కావు," అన్నారు ఆయన. "మనిషి ఏ రోజున మొదలవుతాడో నాకు తెలీదు. నీకు తెలుసా?"

ఆమె తనకొచ్చిన చదువంతా వెతుక్కుంది. "తెలీదు" అంది.

"తెలియని చోట చెప్పులు విప్పి నడవాలమ్మా."

లూర్దుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అసలు మాట అప్పుడు బయటికొచ్చింది. "మరి మీ కళ్ళు?"

ఆయన నవ్వారు. "నా కళ్ళు నీ నెత్తికెత్తుకుని ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నావే? దించెయ్."

ఆమె ఏడవబోయి నవ్వింది. ఎవరో భుజాలమీంచి నీళ్ళ కావడి అందుకున్నట్టయింది. మెడ, వీపు, అరచేతులు, అన్నీ ఒక్కసారి వదులయ్యాయి. ఆ సాయంత్రం తిరుగుబస్సులో, కిటికీకి తల ఆన్చిన మరుక్షణం నిద్రపోయింది. హైదరాబాదులో కండక్టరు లేపితే లేచింది.

సోమవారం డైరెక్టరుతో తనవల్ల కాదని చెప్పింది. ఉద్యోగం పోతుందనుకుంది. ఆయన కాసేపు బల్ల మీద వేళ్ళు తాటించి, పెద్దవాళ్ళ రక్తంలోని కణాలను వెనక్కి మళ్ళించి మూలకణాలుగా మార్చే పద్ధతి ఉందిగా, అది చేస్తావా, కాకపోతే అది చాలా చుట్టుదారి అన్నాడు. చుట్టే తిరుగుతానంది లూర్దు. మొదటి పని ఇంకొకరు తీసుకున్నారు. ఆమె వాళ్ళని ఏమీ అనలేదు. తన గది తను సర్దుకుంది.

నిజంగానే చుట్టుదారి అది. కణాలు ఒకసారి మారేవి కావు, ఇంకోసారి మారినట్టే మారి చచ్చిపోయేవి. రెండు తపస్సుకాలాలు వచ్చి వెళ్ళాయి. ఈలోపు ఫాదర్ గారికి అంచుల్లో ఉన్న కాస్త వెలుతురూ పోయింది. గుడికీ గదికీ మధ్య ఒక తాడు కట్టించుకుని, దాన్ని పట్టుకుని తిరుగుతూ, ఎవరన్నా అయ్యో అంటే వాళ్ళనే ఓదార్చేవారు.

ఆ ఏడు పునరుత్థాన పండుగ మర్నాడు లూర్దు వచ్చింది. గేటు దగ్గర్నించి దాదాపు పరుగున వచ్చి, ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. గాజుపళ్ళెంలో ఆవగింజంత కంటిపొర పెరిగిందనీ, దానిమీద వెలుగు వేస్తే అందులోని కణాలు స్పందించాయనీ చెప్పింది. ఎవరి కంట్లోనైనా పెట్టడానికి ఇంకా ఏళ్ళు పడుతుందని కూడా చెప్పింది. ఆయన అదంతా మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నారు. వెలుగు తగిలిన చోట ఆపి, అక్కడ మరోసారి చెప్పమన్నారు.

"ఎవరి రక్తంతో చేశారమ్మా?"

"నాదే ఫాదర్."

"నిన్ను అడిగే తీసుకున్నారా?"

"అడిగారు. సరే అన్నాను."

ఆయన ఆమె తల కోసం తడిమి, నుదుటి మీద సిలువ గుర్తు వేశారు.

"నువ్వైతే నోరు తెరిచి సరే అనగలవు," అన్నారు.