చెదపట్టిన స్తంభం

షావుకారు గవరయ్య మేడమీద ఉంటూ కింది వాటా నేతగత్తె ఓబులమ్మకు అద్దెకిచ్చాడు. ఆ వాటాలో కొయ్యస్తంభానికి చెద పట్టింది. పైన షావుకారు అడుగేస్తే చాలు, అది కిర్రుమనేది, మగ్గం మీద పొడి రాలేది. ఓబులమ్మకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు.

"బాగుచేయించండయ్యా" అని బతిమాలింది.

"నీ వాటాలో ఉన్న స్తంభం నీదే. దాని బాగోగులు నువ్వే చూసుకో!" అని కసిరాడు షావుకారు.

మర్నాడు పొద్దున్నే కింద రంపం చప్పుడు. "ఏం కోస్తున్నావే?" అని పైనుంచే అరిచాడు.

"నా స్తంభమేనయ్యా, పొయ్యిలోకి. మగ్గం వాకిట్లోకి మార్చేశాను."

"ఆగవే! పైన నేనున్నాను!"

"అది ఇన్నాళ్లూ మోసింది ఎవర్నో ఇప్పుడు తెలిసిందా అయ్యా?"

షావుకారు అడుగు కదపలేదు. మునివేళ్ల మీదే నిలబడి, వడ్రంగి కోసం కేకలు పెట్టాడు.