ఎల్లాజీ పడవబండికి బ్రేకులొచ్చాయి

తెలివంతా తమ ఇంట్లోనే పుట్టిందనీ, అక్కడ పట్టక పొర్లిపోయిందే ఊళ్ళోవాళ్ళకి దక్కిందనీ ఎల్లాజీకి గట్టి నమ్మకం. తమ్ముళ్ళు బండియ్యా, కొర్లయ్యా కూడా అదే నమ్మేవారు, అన్న చెప్పాడు కాబట్టి.

ముగ్గురికీ కలిపి ఉన్నది ఒకే పడవ. దాన్ని ట్రైలర్ మీద పెట్టి ట్రాక్టర్‌తో రేవుకి లాక్కెళ్ళేవారు. కిందటేడు రేవు వాలులో ట్రైలర్ ఆగక, పడవతో సహా జర్రున జారి రాళ్ళకి గుద్దుకుంది, పడవకి చిల్లు పడింది. ఆ ఏడంతా ఇంట్లో గంజే. ఎల్లాజీ పెళ్ళాం మసేనమ్మ తెగేసి చెప్పింది.

"ఈపాలి పడవ పోయిందా, నాను కన్నోరింటికి పోతాను. నీ తెలివే వొండుకు తిను!"

మసేనమ్మ లేని ఇల్లు ఎల్లాజీ ఊహించుకోలేడు, పైగా వంట రాదు. ఇంకేముంది, ఈ ఏడు చేపల వేట మొదలయ్యేలోపే మెకానిక్ సత్తార్‌ని పిలిచి ట్రైలర్‌కి డిస్కు బ్రేకులు పెట్టించాడు.

"ఈ డిస్కులకి నూనె తగలనివ్వకండి. తగిలితే బ్రేకు పట్టదు" అన్నాడు సత్తార్.

అంతే! ఇంట్లో నూనె సీసా పక్కింటికి వెళ్ళిపోయింది. కొర్లయ్య తలకి ఆముదం రాస్తాడని గుర్తొచ్చి, ఎల్లాజీ అతన్ని కూర్చోబెట్టి గుండు కొట్టించాడు. కొర్లయ్య గుండు తడుముకుంటూ అన్న ముందుచూపుకి మురిసిపోయాడు.

తర్వాత బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలి. సత్తార్ చక్రం దగ్గర కూర్చుని, ట్రైలర్ ముందున్న బ్రేకు పిడిని కొర్లయ్యకి అప్పగించాడు. "గట్టిగా నొక్కు. నేను చెప్పేదాకా వదలకు." సత్తార్ గొట్టం మర వదులు చేసి గాలి పోనిచ్చి, మళ్ళీ బిగించాడు. ఇంతలో ఫోనొస్తే సత్తార్ హడావిడిగా వెళ్ళిపోయాడు, వదలమని చెప్పడం మరిచి.

కొర్లయ్య వదలలేదు. వదినే వచ్చి ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. కాసేపటికి బండియ్య బ్రేకులు చూద్దామని ట్రాక్టర్ కట్టి లాగాడు. చక్రాలు తిరగవే! రోడ్డు మీద రెండు నల్లచారలు, వెనకాల పొగ, పిడి పట్టుకుని పక్కనే కొర్లయ్య పరుగు.

"వొగ్గరా! పొగొస్తంది!"

"మేస్త్రి సెప్పనేదు కదేటి! నువ్వు మేస్త్రివా?"

బండియ్య ఆలోచించాడు. నిజమే, తను మేస్త్రి కాదు. టైర్లు రెండూ పేలేదాకా లాగుతూనే ఉన్నాడు.

సత్తార్ తల బాదుకుంటూ కొర్లయ్య చేత పిడి వదిలించి, కొత్త టైర్లు వేశాడు. "ఉప్పునీళ్ళలో దించి తెచ్చాక మంచినీళ్ళతో కడగండి. కడక్కపోతే తుప్పు పడుతుంది" అని చెప్పి ఊపిరి పీల్చుకున్నాడు.

ఎల్లాజీ బుర్రకి పని పెట్టాడు. వేటకింకా వ్యవధి ఉంది. ఈలోగా తుప్పు పడితే? కడగాలి. కడగాలంటే ముందు ఉప్పునీళ్ళలో దించాలి కదా! అంతే, రోజూ పొద్దున్నే ఉత్త ట్రైలర్‌ని సముద్రంలో ముంచడం, తెచ్చి ఇంట్లో బిందెలన్నీ దానిమీద గుమ్మరించడం.

"మరి మనకి తాగడానికేటి?" అని మసేనమ్మ కేకలేసింది.

"మనకి తుప్పు పట్టదు కదే!" అన్నాడు ఎల్లాజీ, జాలిగా.

వేట రోజు రానే వచ్చింది. వాలు మధ్యలో కొర్లయ్య పిడి నొక్కాడు. ట్రైలర్ మేకు కొట్టినట్టు ఆగింది! ఊరంతా చప్పట్లు. మసేనమ్మ సంతోషం పట్టలేక కొంగుతో కళ్ళొత్తుకుంది. దాంతో ఎల్లాజీకి మరింత తెలివి పుట్టింది.

"ఒరే, ఈ పిసరు వాలుకే బ్రేకుంటే, అంత సముద్రంలో నేకపోతే ఎలాగరా?"

ఇంకేముంది! పడవని ట్రైలర్ నుంచి విప్పనే లేదు. బ్రేకుండగా లంగరెందుకని దాన్ని ఒడ్డునే పడేశారు. ఒడ్డునున్న వాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తుండగా, ట్రాక్టర్‌ని విప్పేసి, పడవ ఇంజన్ వేసి, చక్రాలతో సహా సముద్రంలోకి వెళ్ళారు. కొంత దూరం పోయాక ఇంజన్ ఆపి, "నొక్కరా!" అన్నాడు ఎల్లాజీ. కొర్లయ్య పడవ ముక్కు మీంచి కిందికి వేలాడి పిడి నొక్కాడు. మిగతా ఇద్దరూ నిశ్చింతగా చద్దిమూట విప్పారు.

ఒడ్డు మీంచి వీచే గాలి ఊపందుకుంది. బండియ్య ముద్ద ఆపి, "అన్నియ్యా, ఒడ్డు దూరమైపోతంది" అన్నాడు.

ఎల్లాజీ వంగి చూశాడు. పిడి నొక్కే ఉంది. చక్రాలు కదలడం లేదు. తలెత్తి చూశాడు. ఒడ్డు మాత్రం వెనక్కి వెనక్కి పోతోంది, దానిమీద మసేనమ్మ రెండు చేతులూ ఊపుతోంది. అతని పై ప్రాణం పైనే పోయింది.

"మనం ఆగే ఉన్నాం రా! జారిపోతన్నది ఒడ్డు! మీ వదిన ఇంకా దాని మీదే ఉంది! బేగి కేకెయ్యండి, దిగిపొమ్మనండి!"