దొర వేసుకున్న మందు

పూర్వం ఒక జమీందారు, తన పల్లకీ మోసే బోయీల దిగులు పోగొట్టమని సొంత ఖర్చుతో వైద్యుణ్ణి పెట్టాడు. "నాతో చెప్పుకున్నది గడప దాటదు," అన్నాడు వైద్యుడు. మొదట చెప్పుకున్న బోయీకి వారం తిరక్కుండా కొలువు ఊడింది.

తర్వాత చింతయ్య వంతు వచ్చింది. "అయ్యా, దొరవారు అబద్ధమాడేటప్పుడల్లా మీసం దువ్వుతారు. అది చూస్తే నాకు నవ్వాగదు. భుజం కదిలి పల్లకీ ఒరిగిపోతోంది," అని గోడు వెళ్ళబోసుకున్నాడు.

మర్నాడు దారిలో రైతులు శిస్తు తగ్గించమని మొరపెట్టుకున్నారు. "తప్పకుండా చూస్తాను," అన్నాడు దొర. మీసం దాకా లేచిన చెయ్యి గబుక్కున తొడ కిందికి పోయింది.

సాయంత్రం బోయీలందరి ముందూ వైద్యుడు అడిగాడు: "ఏరా, నయమైందా?"

"అయిందయ్యా. జబ్బు మీకు చెప్పుకుంటే, మందు దొరవారు వేసుకున్నారు."