సింహం తల పిడి

ఒన్నికి ఒకటే దిగులు. ఎన్నేళ్ళుగా గీస్తున్నా గురువు నోట ఒక్కసారైనా "బాగుంది" అన్న మాట రాలేదు. గురువు తౌనో కివెలా ఫిన్లాండులో ఊరూరా బళ్ళు, ఆసుపత్రులు కట్టి తల నెరిసిన వాస్తుశిల్పి. మెచ్చుకోలు విషయంలో మాత్రం పరమ పిసినారి.

ఆ వేసవిలో ఒన్ని ఇటలీ చూసి వచ్చాడు. వస్తూనే ఉత్తరాన ఒక చిన్న ఊరి గ్రంథాలయానికి తలుపు గీశాడు. దానికి కంచు పిడి, పిడికి సింహం తల. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, తెగ మురిసిపోయాడు.

"ఎలా ఉంది గురువుగారూ?"

"చలికాలం రానీ" అన్నాడు కివెలా.

చలికాలం వచ్చింది. చెట్ల కొమ్మలు చలికి ఫెళ్ళున విరిగే ఒక పొద్దున, పొయ్యిలోకి కట్టెలు తెమ్మని గురువు పంపాడు. కట్టెల కొట్టం తలుపుకు ఒన్ని గీసిన సింహం తల! గురువు చెప్పకుండా పోత పోయించాడు. ఒన్నికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెచ్చుకోవడం చేతకాక ముసలాయన ఇంత పని చేశాడా అనుకున్నాడు.

వెనకే గురువు కాఫీ కప్పుతో వచ్చాడు.

"చేతితొడుగు తీసి పట్టుకో."

"ఈ చలిలో వట్టి చేత్తోనా?"

"బడిపిల్లలు తొడుగులు పారేసుకుంటూనే ఉంటారు. పట్టుకో."

పట్టుకున్నాడు. మరుక్షణం కేక పెట్టాడు. చెమ్మగా ఉన్న అరచెయ్యి, మంచుకన్నా చల్లబడ్డ కంచుకు గడ్డకట్టి అతుక్కుపోయింది.

"లాగకు, తోలు ఊడుతుంది" అన్నాడు గురువు. కప్పులోని గోరువెచ్చని కాఫీని సింహం జూలు మీద మెల్లగా ఒంపాడు. చెయ్యి ఊడి వచ్చింది. ఇద్దరూ కట్టెలు మోసుకుని లోపలికి వెళ్ళారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

గ్రంథాలయం పూర్తయింది. ప్రారంభోత్సవం కూడా ఎముకలు కొరికే చలిలోనే వచ్చింది. ఊరి పెద్దలు కివెలాకు ఎదురెళ్ళారు. లోపలి ఎత్తైన కప్పు, దాని గుండా దిగే వెలుగు చూపించాలని వాళ్ళ ఆరాటం. ఒన్ని మాత్రం గురువు చేతివైపే చూస్తున్నాడు.

ముసలాయన తలుపు ముందు ఆగి, తొడుగు తీసి, పిడి పట్టుకున్నాడు. అది ఏ బొమ్మా లేని నున్నటి చెక్క పిడి. పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనక పెద్దలు వణుకుతున్నారు.

"లోపలికి దయచేయండి. చూడాల్సిందంతా లోపలే ఉంది" అన్నాడు ఒక పెద్దమనిషి.

"చూశాను" అన్నాడు కివెలా, చెయ్యి తియ్యకుండానే.