రాగి చుట్లలో చిక్కుకున్న సన్నస్వరాలు

ఒకప్పుడు రాగి తీగకు బిగుసుకోవడం తెలియదు. గిటారులోని అయస్కాంతం మీద వంద చుట్లు చుట్టినా, పదివేల చుట్లు చుట్టినా వదులుగా, హాయిగా పడుకునేది.

గిటారు మీద ఉక్కు తీగ వణికితే, కింద ఉన్న అయస్కాంతం ఆ వణుకును పట్టుకుని రాగికి చెప్పేది. వెంటనే రాగిలో ఒక చిట్టి మెరుపు పుట్టి స్పీకరు దాకా పరుగెత్తేది. దాని వెంటే స్వరాలన్నీ బయటికి వచ్చేవి. లావుస్వరాలు పెద్ద పెద్ద అంగలు వేసేవి. సన్నస్వరాలు బుల్లి అడుగులతో గబగబా ఉరికేవి. ఒక్కటీ తప్పిపోయేది కాదు.

ఆ రోజుల్లో ఒక కొండ మీద పోలినాయుడని గిటారు వాయించేవాడు ఉండేవాడు. భార్య జోగమ్మ రోజూ మేకల్ని తోలుకుని అవతలి కొండకు పోయేది. దారి పక్కనే లోతైన లోయ. మబ్బు దిగిందంటే కాలి కింద నేల కూడా కనబడదు. అందుకే మబ్బు దిగినప్పుడల్లా పోలినాయుడు అరుగు మీద కూర్చుని అన్నిటికంటే సన్నటి తీగ మీటేవాడు. ఆ స్వరం వినబడిన వైపు నడిచి జోగమ్మ ఇల్లు చేరేది.

ఒకరోజు ఉరుము అతణ్ణి చూసి నవ్వింది. తను గొంతు విప్పితే ఏడు కొండలు వింటాయట. అతని గిటారు ఒక్క కొండ దాటేసరికి దోమ పాటలా ఉంటుందట. ఆ మాట పోలినాయుడికి ముల్లులా గుచ్చుకుంది.

గిటారుకు రాగి చుట్టిపెట్టేది జోగమ్మ అక్క తవిటమ్మ. ఇంకో ఐదువేల చుట్లు వెయ్యమని పోలినాయుడు ఆమెను అడిగాడు. ఇక చోటు లేదని ఆమె అంది. అతను వినలేదు. తనే తీగ పట్టి లాగి, వరస మీద వరస అదిమి అదిమి చుట్టాడు. ఊపిరాడటం లేదని రాగి మొరపెట్టుకున్నా ఆపలేదు.

అయ్యాక గిటారు మీటాడు. గోడలు అదిరాయి. కోళ్ళు పరుగున గంప కిందికి దూరాయి. ఉరుము కూడా నోరు మూసుకుంది. పోలినాయుడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు దిగింది. పోలినాయుడు సన్నటి తీగ మీటాడు.

గుం... అంది గిటారు.

మళ్ళీ మీటాడు. మళ్ళీ గుం... అనే వచ్చింది. తవిటమ్మను కేకేశాడు.

తవిటమ్మ రాగి చుట్టకు చెవి ఆనించింది.

"సన్నస్వరాలు లోపలే ఉన్నాయి మరిదీ. వరసల మధ్య ఇరుక్కుని ఏడుస్తున్నాయి," అంది.

అంతలో మేకలు వచ్చాయి. వాటి వెనక జోగమ్మ లేదు. ముసలి మేక రొప్పుతూ జరిగింది చెప్పింది. గిటారు మోత విని, ఇంటివైపు ఉరుముతోందనుకుని జోగమ్మ వెనక్కి తిరిగిందట. తాము వాసన పట్టి వచ్చేశామట. ఆమె మాత్రం లోయవైపు నడిచిందట.

చుట్టినవన్నీ విప్పెయ్యమన్నాడు పోలినాయుడు.

తవిటమ్మ చుట్లు విప్పడం మొదలుపెట్టింది. వెయ్యి చుట్లు విప్పింది. గుం... రెండువేలు విప్పింది. గుం... మూడువేల చుట్లు నేల మీద కుప్పపడ్డాయి. గిటారు గొంతు తగ్గుతూ వచ్చింది. పోలినాయుడు దాన్ని పట్టించుకోలేదు. వేలు తెగి నెత్తురు కారుతున్నా ఆ ఒక్క తీగే మీటుతూ కూర్చున్నాడు.

ఐదువేలు విప్పాక, నలిగిపోయిన ఒక సన్నస్వరం బయటపడింది. దాని వెనకే ఇంకొకటి. తర్వాత గుంపుగా వచ్చి మబ్బులోకి ఉరికాయి.

చాలాసేపటికి జోగమ్మ వచ్చింది. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది లోయలో పడిపోయింది.

"ఒక కాలు గాలిలో ఉండగా నీ తీగ వినబడింది," అంది. అని అక్కడే కూలబడింది.

తవిటమ్మ ఆమెకు కంబళి కప్పింది. తర్వాత పోలినాయుడు రాగిని క్షమించమని అడిగాడు. మునుపటిలా వదులుగా పడుకోమని బతిమాలాడు.

"నాకు నీమీద కోపం లేదు నాయుడూ. ఎలా పడుకునేదాన్నో గుర్తు రావడం లేదు," అంది రాగి.

అప్పటినుంచే, అయస్కాంతం మీద రాగి చుట్లు పెంచితే గిటారు గొంతు పెద్దదై బరువెక్కుతుంది, సన్నస్వరాలు లోపలే ఉండిపోతాయి. చుట్లు తగ్గిస్తే గొంతు చిన్నదవుతుంది, సన్నస్వరాలు తేటగా బయటికి వస్తాయి.